నిమ్మకాయలు తొక్కించిన టైరు

"మలుపు మలుపుకు బ్రేకు తొక్కి ఈడుస్తవ్, టైరు అరగక ఏమైతది? రేపటిసంది స్టీరింగు ముట్టకు. వేరే డ్రైవర్‌ను పెడత!"

"బ్రేకు తొక్కితే ఒక్క చక్రమే అరుగుతదా అన్నా? మర్రిగూడ తొవ్వల రాళ్లెట్లున్నయో ఒక్కసారొచ్చి సూడు."

"తొవ్వ మీదికి నెట్టకు!"

నల్లగొండల మా ఇంటి ముంగట మా ఆయన, మా మరిది గిట్ల కొట్లాడుతున్నరు. కిరాయి కారు మా ఆయనది, నడిపేది మరిది. ఆ స్టీరింగు పోతే మరిదికి వేరే బతుకుదెరువు లేదు.

అరిగింది ముందటి ఎడమ టైరు. దిష్టి తగిలిందని మా ఆయన అంతకుముందే మిరపకాయలు కట్టిండు. దిష్టి ఒక్క చక్రానికే, అది గూడ లోపలి అంచుకే తగిలిందట. పెట్టినోళ్లు బండి కింద పండుకొని పెట్టిండ్రేమో!

"గాలి తక్కువైతే రెండంచులు అరుగుతయి వదినె," అన్నడు మరిది. "ఇది ఒక్కంచే."

నేను సదివింది రెండో తరగతి. కాని మా ఆయన చెప్పులకు అట్టలేయించేది నేనే. ఆయన ఎడమకాలు జర వంకరగ ఏస్తడు, ఎడమచెప్పు ఒక్కదిక్కే అరుగుతది. చెప్పును తిట్టి ఏం ఫాయిద? కాలును సూడాలె. కూసోని టైరును తడిమిన. బయటంచుకు గీతలు కొత్తగనే ఉన్నయి, లోపలంచు తోమిన గిన్నె లెక్క నున్నగుంది.

"దసరనాడు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించింది ఎవరు?" అనడిగిన.

మరిది మా ఆయన దిక్కు సూసిండు. డ్రైవింగు రాకున్నా, ఇంటి పెద్ద చేతితోనే తొక్కియ్యాలని ఆనాడు మా ఆయన స్టీరింగు పట్టిండు. నిమ్మకాయలు నలిగినయి, వాటెంబడి మా అరుగు మూల గూడ నలిగింది. దేవుని పనిల తప్పు పట్టొద్దని అందరికి కొబ్బరి పంచిండు. మూలకు మన్ను మెత్తింది నేను.

"అరుగుకు గుద్దింది ఈ చక్రమే. వంకరైంది, గందుకే ఒక్కదిక్కు అరుగుతాంది."

"పూజల బండెట్ల చెడుతదే?"

"పూజ సంగతి బండికేం ఎరుక? దానికి ఎరుకైంది అరుగు రాయి."

తెల్లారి మరిది ఎప్పటిలెక్కనే స్టీరింగు పట్టి, చక్రం సక్కగ చేయించనీకి మిస్త్రీ కాడికి పోయిండు. వేరే డ్రైవర్ ముచ్చట మా ఆయన ఎత్తలే. గడ్డపార తెచ్చి, తొవ్వకడ్డమున్నదని అరుగు మూల తవ్వుడు మొదలుపెట్టిండు. ఊడిన రాళ్లు నేనేరి నీళ్ల గోలెం కింద పేర్సుకున్న.