వెండెల్ మావయ్య గడ్డి మిషను

వెండెల్ మావయ్యకి ఈ లోకంలో శత్రువు ఒక్కటే: చీలమండ దాటిన గడ్డి. అది ఎవరి వాకిట్లో ఉందన్నది ఆయనకి అనవసరం. కారు డిక్కీలో గడ్డి కోసే మిషను లేకుండా చర్చికి కూడా వెళ్లడు. ఓసారి శ్మశానంలో ప్రార్థన సాగుతుండగానే, మనకేమీ కాని పక్క సమాధికి క్షవరం చేసి వచ్చాడు.

ఇలాంటి మనిషిని వెంటేసుకుని టొలీడో ఊళ్లో ఇళ్ల బేరాలకు దిగడం మేనల్లుడు లామార్ చేసిన వెధవపనుల్లో మూడోది. మొదటిది కాలేజీ మానేయడం. రెండోది, మూడురోజుల్లో కోటీశ్వరుణ్ణి చేస్తానన్న టై కట్టుకున్న దొంగకి ఫీజు కట్టడం. వాళ్లమ్మ లొరెట్టా గడువు పెట్టేసింది: "ఆగస్టు దాటేలోపు ఒక్క ఇల్లు కుదిర్చి చూపించు. లేదంటే నోర్మూసుకుని టైర్ల గోడౌన్‌లో పనికి పో."

వ్యాపారం చాలా గొప్పది. బ్యాంకు వాయిదాలు కట్టలేక చస్తున్నవాణ్ణి వెతికి, ఇల్లు చవగ్గా రాయించుకుని, ఆ ఒప్పందాన్ని ఇంకొకడికి అమ్ముకోవాలి. బ్యాంకు కోర్టులో దావా వేశాక అలాంటి ఇళ్ల జాబితా ప్రతివాడికీ దొరుకుతుంది. అంతకుముందే పట్టాలంటే గుర్తు ఒకటే, ఏపుగా పెరిగిన గడ్డి. మనసు విరిగినవాడు ముందు మానేసేది దాన్ని కోయడమే.

సోమవారం లామార్ పుస్తకంలో రాసుకున్నాడు: 'నడుమెత్తు గడ్డి, పసుపు పూలు. నంబరు పలక గడ్డిలో మునిగింది.' మంగళవారం వీధంతా నాలుగుసార్లు తిరిగినా ఆ ఇల్లు లేదు.

"మావయ్యా, ఇక్కడో అడవి ఉండాలే!"

"ఉండేదిరా. పొద్దున్నే కొట్టేశా."

"అది నా బేరం!"

"కలుపురా అది. ఇంటావిడ పీచు పండ్లు కూరిన తీపి రొట్టె పెట్టింది, తింటావా?"

అలా తొమ్మిది ఇళ్లు మాయమయ్యాయి. ఆగస్టు ఆఖరివారానికి మిగిలింది మిసెస్ టిబ్స్ ఇల్లొక్కటే. లామార్ రాత్రే మావయ్య కారు తాళాలు కొట్టేసి, డిక్కీలోంచి మిషను దించేసి, పొద్దున ఒంటరిగా వెళ్లాడు. వెళ్లేసరికి మావయ్య అక్కడ వాకిలంతా కోసేసి ఉన్నాడు. మిషనుతో సహా తొలి సిటీ బస్సులో వచ్చాడట!

అప్పుడే ఇంకో బేరగాడి నల్ల ట్రక్కు వీధిలోకి నెమ్మదిగా వచ్చింది. నున్నటి వాకిలి చూసి, ఆగకుండా వెళ్లిపోయింది. లామార్ నోరు తెరిచాడు.

"దావా పడేదాకా నాలుగు నెలలు గడ్డే చాడీలు చెబుతుందిరా," అన్నాడు మావయ్య చెమట తుడుచుకుంటూ. "దాని నోరు నొక్కితే ఇంటివాళ్లకి కాస్త ఊపిరాడుతుంది. నువ్వు కాలేజీలో ఉన్నప్పుడు మీ అమ్మ వాకిలి వారానికి రెండుసార్లు ఎందుకు కోశాననుకున్నావు?"

ఇంతలో ఇంటి తలుపు తెరుచుకుంది.

"బ్యాంకు వాళ్లు కొత్త వాయిదాలకి ఒప్పుకున్నారు వెండెల్!" మిసెస్ టిబ్స్ మొహం వెలిగిపోతోంది. "ఒక్క గద్ద కూడా ఇటు వాలలేదు. ఈ అబ్బాయెవరు?"

లామార్ ఒప్పంద పత్రం జేబులో కుక్కుకున్నాడు.

"నేనా అండీ? అంచులు కోసేవాణ్ణి."

కత్తెర అందుకుని అరగంట వంగి కోశాడు. మావయ్య వచ్చి ఆ అంచుల్ని ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాడు.

"ఒరేయ్, నీకు టైర్లే నయం."