ఖాళీ గోధుమ షెడ్డు

బీఏ పాసయ్యాను! మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే, అదీ రిటైరయ్యాక. ఎకనామిక్స్ పేపర్లో, సర్కారు చేతుల్లోంచి ప్రైవేటుకు మారుతున్న దేశాల్లో గోధుమ పంట విషయంలో ప్రభుత్వం పాత్ర ఏమిటని అడిగారు. పుస్తకంలో చదివింది రెండు ముక్కలు రాసి, మిగతాదంతా కువైట్‌లో చూసిందే రాశాను.

2010లో సులైబియాలో ఒక గోధుమ గోదాముకు నేను స్టోర్ సూపర్‌వైజర్‌ని. సరుకు దింపించడం, పురుగు పట్టకుండా నిల్వ చేయించడం నా పని. హమాలీలంతా మా కడప జిల్లావాళ్ళే. ఆ ఆగస్టులో రష్యాలో కరువొచ్చి, అక్కడి ప్రభుత్వం గోధుమల ఎగుమతి ఆపేసింది. మాకు వీసాలిచ్చిన యజమాని, మా కఫీల్, నమ్మలేదు. పొలాలు ప్రైవేటువైనప్పుడు సర్కారు ఎన్నాళ్ళు ఆపగలదంటూ, వేరే దేశం సరుకు కొనకుండా రష్యా ఓడ కోసమే కాచుకున్నాడు. ఓడ రాలేదు. షెడ్డు ఖాళీ అయింది. ఇలాగే ఉంటే హమాలీల ఇఖామాలు, అంటే అక్కడ ఉండే పర్మిట్లు, రెన్యువల్ చేయించనని చెప్పేశాడు.

ఖాళీ షెడ్డుకు తాళం వేసేయడం అక్కడి అలవాటు. అలా వేస్తే గోడ సందుల్లో మిగిలిన గింజల్లో ముక్కు పురుగు పెరుగుతుంది. అందుకే నేను రోజూ ఊడ్పించాను. హమాలీల్లో రాయచోటి ఓబులేసు ఊరుకుంటాడా?

"ఏం సూపర్‌వైజరన్నా, పెండ్లికూతురు వస్తాందా, దినామూ ఊడ్పిస్తాండావు?"

"పురుగున్న ఇంటికి ఎవరూ పిల్లనియ్యరు. ఊడ్చు."

"పిల్ల సంగతి సరే. మా ఇఖామా ఖలాసయితే ఇంటికాడ ఏం చెప్పాల?"

నేనూ ఒక చీపురు తీసుకుని అవతలి గోడ సందులు ఊడ్చాను.

కొన్నాళ్ళకు, రొట్టె ధర పెరుగుతుందని కువైట్ సర్కారు ఎక్కువ గోధుమ తెప్పించడంతో, దాన్ని నిల్వ చేసే కాంట్రాక్టరు అదనపు గోదాములు వెతకడం మొదలుపెట్టాడు. అతని ఇన్‌స్పెక్టర్ గోడ సందుల్లో చాకుమొన దూర్చి, వచ్చిన దుమ్మును కాగితం మీద పరిచి చూశాడు. పక్క గోదాముల్లో పురుగు దొరికింది, మా దాంట్లో దొరకలేదు. "యల్లా, లారీలు పంపిస్తాం" అన్నాడు. షెడ్డు నిండింది. ఇఖామాలు నిలబడ్డాయి.

నేను నేర్చుకున్నది ఇదే: పొలాలు ప్రైవేటుకు ఇచ్చేసినా, రొట్టె ధర పెరుగుతుందనగానే సర్కారు మళ్ళీ గింజ మీద చెయ్యి వేస్తుంది. అది తప్పని పరీక్షలో రాయలేదు. వాళ్ళ జనమూ తినాలి కదా. ఆ చెయ్యి రష్యాలో పడితే మా పని ఆగింది, కువైట్‌లో పడితే పని దొరికింది.

ఇంక ఫోన్లు చేయాలి: ఓబులేసుకు, వాళ్ళ తమ్ముడికి, ఆ షెడ్డులో మాతో పనిచేసి ఇప్పటికీ కువైట్‌లో ఫర్వానియాలోనే ఉన్న రెడ్డెయ్యకు, మార్కులెన్నని అడిగి తీరే మా బావకు. మా అక్కకు మాత్రం ఆఖర్న. ముందే చెబితే ఊరంతా ఆమే చెప్పేస్తుంది, నేను చెప్పడానికి ఎవరూ మిగలరు.