చర్మం ముడత పడేదాకా

పెన్సిలిన్ మాట ఎవరూ వినని రోజులవి, పందొమ్మిది వందల ఇరవైల చివర. అనంతగిరి సంతలో మాకు ఉప్పు, కిరసనాయిలు అమ్మే కొట్టు ఉండేది. ఓ వానాకాలం గెడ్డవాగు దాటుతూ నాచుబండ మీద జారి, మడిచిన మోచెయ్యి మీదే పడ్డాను.

ఎముకలు కట్టే కొండ ముసలాయన వచ్చి వేళ్ళతో తడిమి చూశాడు. మోచేతి మొన విరిగి పైకి పోయింది. మధ్యలో వేలు దిగేంత సందు.

"కట్టు కడితే ఇది కిందకి దిగదమ్మా. కోసి దించాల. బేగి ఆసుపత్రికి ఎల్లిపోండి" అన్నాడు.

డోలీలో ఘాటీ దిగి, బండెక్కి, మైదానంలోని ఆసుపత్రికి చేరేసరికి చెయ్యి బాగా వాచి నీటిబొబ్బలు లేచాయి. అక్కడి డాక్టరమ్మ చూసి, ఇప్పుడే కోయనంది. వదులుగా దూది చుట్టించి, చెయ్యి తలగడల మీద ఎత్తి పెట్టించింది. అంతే.

రోజులు గడుస్తుంటే మా ఆయన ఉండబట్టలేకపోయాడు. "ఎముక ఇరిగి ఇన్నాళ్ళయిపోనాది. ఇంకా కొయ్యరేటండీ?"

"ఈ వాపు మీద కోస్తే కుట్లు నిలవవు బాబూ. చర్మం విచ్చుకుని చీము పడుతుంది. అది ఎముకకి పాకితే చెయ్యే తీసెయ్యాలి. ఎముక కొన్నాళ్ళు ఆగగలదు, కంగారు పడకండి."

ఆ మాట విన్నాక నాకు చెయ్యి వైపు చూడాలంటేనే భయం. ఆవిడ రోజూ పొద్దున్నే వచ్చి మోచేతి దగ్గర చర్మాన్ని రెండు వేళ్ళతో మెల్లగా పట్టి చూసేది. ఒకనాడు సన్నని ముడతలు కనిపించాయి.

"వాపు తీసింది. రేపు కోద్దాం" అంది సంతోషంగా.

ఎక్కడ కోస్తారని అడిగాను. నా చేతి మీదే వేలితో గీసి చూపించింది. "నువ్వు మోచెయ్యి ఆనించేది ఈ మొన మీద కదా? దీన్ని తప్పించి, పక్కనుంచి వంపుగా కోస్తాను. ముక్కల్ని వెండితీగతో బిగించి, తీగ ముడిని కండలోకి వంచేస్తాను. లేకపోతే అది లోపల్నుంచి చర్మాన్ని పొడుస్తుంది."

క్లోరోఫారం మత్తు వదిలేసరికి చెయ్యి కాస్త చాచినట్టుగా చెక్కబద్ద మీద కట్టి ఉంది. బాగా మడిస్తే కుట్లు లాగుతాయట. లోపల చేరే నెత్తురు బయటికి పోవడానికి సన్నని రబ్బరు గొట్టం పెట్టారు, మర్నాడు తీసేశారు.

కట్టు విప్పే రోజున కళ్ళు గట్టిగా మూసుకున్నాను. నర్సు ఒక్కో పొరా తీస్తుంటే చీము వాసన వస్తుందేమోనని ఊపిరి బిగబట్టాను. మందు ఘాటు తప్ప ఇంకే వాసనా రాలేదు.

"కళ్ళు తెరవే! సుక్క సీము నేదు!" అని మా ఆయన కేక పెట్టాడు.

ఎర్రని సన్నటి గీత. చుట్టూ చర్మం పొడిగా, మామూలుగా ఉంది. డాక్టరమ్మ గీత పక్కన మెల్లగా నొక్కి చూసి, "ఇవాళ నేనూ హాయిగా నిద్రపోతాను" అంది. ఆవిడకీ భయం ఉందని నాకప్పుడే తెలిసింది. మా ఆయన వరండాలోకి వెళ్ళి, అటు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

ఆ చెయ్యి తరవాత పూర్తిగా చాచడానికి రాలేదు. అయినా చేటతో చోళ్ళు చెరుగుకున్నాను, జడ వేసుకున్నాను, పిల్లల్ని ఎత్తుకున్నాను.