మిగిలిన ఎర్ర చెట్టు

మా పెండిల్ హిల్ ఇంటి ముందు ఒక లిక్విడాంబర్ చెట్టూ, దాని పక్కనే ఒక మొద్దూ ఉన్నాయి. మొద్దు నా చేతిపని.

ఎనభైల చివర్లో, ఒక సెప్టెంబరులో మేం దేశం దాటి వచ్చి ఆ ఇంట్లో దిగేనాటికి రెండూ లేతాకులు తొడిగిన చెట్లే. ఇక్కడ వేసవి డిసెంబరులో వస్తుంది; ఆ ఏడు ఎండలు మండిపోయాయి. చెప్పుకోదగ్గ వాన లేదు. గోంగూర, బెండ మళ్ళకు మాత్రం నీళ్ళు పెట్టి, "తిండికి పనికిరాని చెట్లకు నీళ్ళెందుకు?" అన్నాను. మా ఆవిడ మాత్రం బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు బకెట్లో పట్టి రోజూ ఆ రెండింటి మొదట్లో పోసేది. నేను ఆఫీసులో ఉన్నంతసేపూ ఆమెకు ఆ నీడే తోడు. ఆ సంగతి నేనెప్పుడూ అడిగి తెలుసుకోలేదు.

ఏప్రిల్ చివర ఆకులు ఎర్రబడ్డాయి. గుంటూరు వైపు పత్తిచేలలో పెరిగినవాణ్ణి. ఆకు ఎర్రబడితే తెగులే అనుకున్నాను. వీధిలో మిగతావన్నీ ఏడాదంతా పచ్చగా ఉండే నీలగిరి చెట్లు. అడగడానికి మనుషులున్నారు. నేనే అడగలేదు.

శనివారం పొద్దున రంపం తెచ్చి ఒకదాన్ని కోసేశాను. కోత తడిగా, తెల్లగా ఉంది. అది చూసి కూడా ఆగలేదు. రెండోదాని దగ్గరికి వెళ్ళేసరికి మా ఆవిడ దానికి వీపు ఆనించి నిలబడింది.

"తప్పుకో. తెగులు దీనిక్కూడా అంటుకుంది."

"అంటుకోనీండి. వేసవంతా నీళ్ళు పోసింది నేను. చస్తే చావనీండి, మీరు మాత్రం ముట్టుకోవద్దు."

"పత్తిచేల సంగతి నీకేం తెలుసు?"

"ఇది పత్తిచేనా?"

పక్కింటి ముసలాయన కంచె మీదుగా చూసి నవ్వాడు. "ఇట్స్ ఆటమ్, మేట్! నథింగ్ రాంగ్ విత్ ఇట్!" ఏప్రిల్, మే ఇక్కడ ఆకులు ఎర్రబడి రాలే కాలమట.

"నాకు తెలుసు," అన్నాను సిగ్గు లేకుండా. "నాదే తప్పు" అనడానికి నాకు నెల పట్టింది. అప్పటికి చెట్టు పైనంతా కల్లంలో ఆరబోసిన మిరపకాయల రంగు, లోపలి కొమ్మల్లో పసుపు. ఆమె కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పొమ్మనలేదు.

మరుసటేడు ఆ ముసలాయనే గేటు దగ్గరికి వచ్చాడు. మా ఆకులు ఆయన ఇంటి చూరు వెంట వాననీళ్ళు పోయే గొట్టాల్లో నిండిపోతున్నాయట. "టేక్ ఇట్ డౌన్, మేట్. యూ నో హౌ!"

గుమ్మంలోంచి మా ఆవిడ నా మొహమే చూస్తోంది.

"నో," అన్నాను. "మీ గొట్టాలు ఏటా నేనే శుభ్రం చేస్తాను. చెట్టు మాత్రం కొట్టను."

కౌన్సిల్‌కు చెబుతానన్నాడు. చెప్పుకోమన్నాను.

ఇంటికొచ్చినవాళ్ళు మొద్దునైనా తవ్వి తీసేయమంటారు. తీయను. ఎవరు నరికారని అడిగితే, నేనే నరికానని చెబుతాను. ఏటా జూన్‌లో పక్కింటి ముసలాయన చూరు గొట్టాల్లో ఆకులు తీయడానికి నిచ్చెన ఎక్కుతాను. పైనుంచి చూస్తే చెట్టు మీద ఇంకా నాలుగు ఎర్రాకులు రాలకుండా ఉంటాయి. కింద నిచ్చెన పట్టుకుని మా ఆవిడ అరుస్తుంది:

"ఏమండీ, చెట్టును చూసింది చాలు! ఆ మూల వదిలేశారు!"