‘ఎస్ సార్’ను నమ్మని మా విమల మేడం

ఇందుమూలముగా బంగారుపాళ్యం సమస్త ప్రజలకు తెలియజేయడమేమనగా, ఈ రోజు నా మైక్‌సెట్ షాపు మూత. నా మీసాలకు రంగు కూడా వాయిదా.

కారణం, నిన్న పొద్దున వచ్చిన ఫోన్.

"అబ్బా, డ్రిల్ మేడం పోయిందంట."

"యాడికి పోతాది? మొన్న గదప్పా సౌండు ఎక్కువైందని నన్ను తిట్టింది!"

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. కొన్నేళ్ళ కిందట మా హైస్కూలుకి పై ఆఫీసు నుంచి ఒక పెద్ద సారు తనిఖీకి వచ్చాడు. లవ్ పేరుతో అమ్మాయిల్ని కొట్టడం, బెదిరించడం తప్పని అబ్బాయిలకు అంతకుముందే క్లాసులు చెప్పించారు. ఆ ప్రోగ్రాం పనిచేసిందా లేదా అని చూడటం ఈయన డ్యూటీ.

మైకు నాది.

అబ్బాయిల్నీ అమ్మాయిల్నీ ఒకే షెడ్డులో కూర్చోబెట్టాడు.

"అందరూ మారిపోయారా?"

"ఎస్ సార్!"

అంతే. ప్రోగ్రాం సక్సెస్. బజ్జీ వేగిందో లేదో చూడటానికి కూడా ఇంతకంటే ఎక్కువసేపు పడుతుంది.

మా డ్రిల్ టీచరు విమల మేడం మైకు లాక్కున్నారు.

"పిల్లోల్లారా, ఈ సారు మన బడికి ఎనుమును తోలిచ్చినాడు గదా?"

"ఎస్ మేడం!"

"అది పొద్దన్నే ఈనింది గదా?"

"ఎస్ మేడం!"

"సూసినారా సార్? మైకులో ఏం అడిగినా మావోల్లు ఎస్సే అంటారు. కొట్టేవోడి ముందర అడిగితే ఆడబిడ్డ నోరెట్లా తెరస్తాది?"

సారు సిగ్గుతో తల దించుకున్నాడు.

మేడం పద్ధతి వేరు. సాయంత్రం ఖోఖో అయ్యాక, కొళాయి దగ్గర అమ్మాయిలు కాళ్ళు కడుక్కునేటప్పుడు పక్కన నిలబడి ఊరికే మాట్లాడేవారు. అక్కడే ఒక టెన్త్ పిల్ల చెయ్యి చూపించింది. కమిలిన వేళ్ళ గుర్తులు. బస్టాండులో రోజూ మెలిపెడుతున్నది ఎవరనుకున్నారు? అందరికంటే గట్టిగా ‘ఎస్ సార్’ అన్న హీరోనే.

"ఇంట్లో చెప్పొద్దు మేడం, బడి మానిపిస్తారు" అని ఏడ్చిందట.

మేడం చెప్పలేదు. వాణ్ణి మాత్రం, ఆ పిల్ల పేరెత్తకుండానే, బస్టాండులో అందరి ముందూ నిలబెట్టి దులిపేశారు. పరీక్షలయ్యేదాకా రోజూ బస్సులో ఆ పిల్ల పక్క సీట్లో కూర్చుని ఊరిదాకా దిగబెట్టి వచ్చారు.

ఆ పిల్ల ఇప్పుడు చిత్తూరులో నర్సు. నిన్న మేడం చెయ్యి పట్టుకుని కూర్చుంది, ఎంత చెప్పినా వదల్లేదు.

ఒక్కటి మాత్రం కల్పించి రాశాను. సారు తల దించుకోవడం.

అలాంటివాళ్ళకు సిగ్గెక్కడిది? శాలువా కప్పించుకుని, సక్సెస్ అని రాసుకుని కారెక్కాడు. మెమో వచ్చింది మేడానికి.

వెళ్ళిరండి మేడం. ఇక హాయిగా నిద్రపోండి.