అత్త చేయి పెట్టి చూసేది

బట్టలుతికే మిషన్ మూత వేసే ముందు మా అత్త ప్రతిసారీ తొట్టిలోకి చేయి పెట్టి, బట్టల అడుగుదాకా తడిమి, "లోపల ఎవురన్నా ఉండారా?" అని అడిగేది.

నేను బళ్లారికి కోడలిగా వచ్చిన ఏడాదే ఆ ఇంటికి మిషన్ వచ్చింది. సండూరు గనులకు లారీలు తిప్పే మా ఆయన చొక్కాల నిండా ఎర్రదుమ్మే. అత్త వాటిని పెరట్లో దులిపి, జేబులు బయటికి లాగి చూసి, చేతులు తుడుచుకుని, చెక్కపీట మీద నిలబడితే గాని స్విచ్చి వేసేది కాదు. అదంతా నాకు అర్థమయ్యేది. ఆ ప్రశ్నకు మాత్రం నవ్వొచ్చేది.

ఒకనాడు ఆమెకు జ్వరం వచ్చింది. ముందురోజు తొట్టిలో వేసి, మూత తెరిచే ఉంచిన బట్టల మీద నేను సబ్బుపొడి చల్లి మూత వేశాను.

"చెయ్యి పెట్టి చూసినావామ్మా?" మంచం మీద నుంచే అడిగింది.

"చూసినానత్తా," అని అబద్ధమాడాను.

అయినా గోడ పట్టుకుని లేచి వచ్చింది. మూత తీసి తడిమింది. దుప్పటి మడతలోంచి, ఇంకా కళ్లు తెరవని పిల్లికూన ఒకటి ఆమె అరచేతిలోకి వచ్చింది.

"నీ మీద నమ్మకం లేక కాదమ్మా. జ్వరానికి చెవుల్లో ఏందో కూసినట్లుండె, అందుకే లేసొచ్చినా," అంది.

ఆ మాటతో నాకు ఏడుపాగలేదు. "నేను చూడలేదత్తా," అన్నాను.

"తెలుసులేమ్మా," అంటూ కూనను నా కొంగులో పెట్టింది. "దీని తల్లి యాడుందో చూద్దాం పా."