ఏడో బుట్ట గలగల

కూర్చుని చదవండి. నిలబడి చదివి పడిపోతే నా పూచీ లేదు. ముప్పై ఏళ్ళ వయసులో మార్కాపురానికి డిస్కు గోల్ఫు తెచ్చింది నేనే. ఒక్క సాయంత్రంలో దాన్ని పొలిమేర దాటించిందీ నేనే.

ఆట బ్రహ్మవిద్యేమీ కాదు. పళ్ళెం లాంటి ప్లాస్టిక్ డిస్కును దూరం నుంచి విసిరితే, అది గొలుసులు వేలాడే బుట్టకు తగిలి, గలగలమని అందులో పడాలి. ఫోనులో చూడగానే, పలకల గని పక్కనున్న మా బాబాయి బీడు గుర్తొచ్చింది.

"ఏందిరా, పళ్ళేలు ఇసిరేదానికి నా చేను కావాల్నా?"

"చేను ఆటకు పనికొస్తుందో లేదో చూసేదానికి హైదరాబాదు నుంచి ఆటల సారు వస్తాడు బాబాయ్. బాగుందంటే ఇక్కడే పోటీలు!"

"బాగుందంటే ఈ ఏడు చేను నీకే. లేదన్నాడా, ఎల్లుండే కంది ఇత్తుతా."

పైన పాత సైకిలు రిమ్ము, కింద ఇనుప గమేళా. బుట్ట తయారు! గొలుసులకు బాబాయి గొడ్లపాక ఉండనే ఉంది. ఏడు బర్రెలు, ఏడు గొలుసులు, ఏడు బుట్టలు. దేవుడే లెక్క కట్టి పంపాడనుకున్నాను. బర్రెలు మేతకెళ్ళిన వేళ చూసి, చెప్పకుండా పట్టుకొచ్చి మడతలు పెట్టి వేలాడదీశాను.

సారు వచ్చాడు. తెల్ల టోపీ, తెల్ల బూట్లు, చేతిలో రాతఅట్ట.

"చెట్లు అడ్డం లేవు సార్!" అన్నాను.

"నీడా లేదు," అని బలహీనతల్లో రాసుకున్నాడు.

నేను విసిరిన మొదటి డిస్కును గాలి ఎత్తుకెళ్ళి పలకముక్కల దిబ్బ మీద పడేసింది. నల్ల దిబ్బ, నల్ల డిస్కు. ఇద్దరం వంగి వంగి వెతికాం.

"నల్లవి ఎందుకు కొన్నావయ్యా?"

"మాసినా కనబడదని సార్."

"డిస్కే కనబడటం లేదు కదయ్యా!"

అలా ఆరు బుట్టలూ తప్పాయి. పొద్దు వాలుతుండగా ఏడోది మాత్రం సూటిగా తగిలింది. గలగలగల!

"శభాష్! ఇంత కమ్మని మోత నేనెక్కడా వినలేదు," అని సారు బలాల్లో రాశాడు. నేను నేలకు జానెడు ఎత్తున తేలాను.

అంతలో నేల అదిరింది. దిబ్బ వెనక నుంచి ఏడు బర్రెలు, తోకలు లేపి, రైలింజన్లలా!

"ఇవేమిటయ్యా?"

"ఆట చూడ్డానికి వచ్చినాయి సార్," అన్నాను, నోరు ఊరుకోక.

ముందున్న బర్రె గమేళాలో మూతి పెట్టింది. డిస్కును నాకి, ఉమ్మేసి, సారు వైపు తిరిగి అరిచింది. సారు టోపీ వదిలేసి దిబ్బెక్కాడు. పలకలు జారుతున్నాయి, రెండడుగులు ఎక్కితే ఒకటి కిందికి.

బాబాయి పరుగున వచ్చాడు. "ఓరి నీ పాసుగూల! నా గొలుసులు నువ్వా తెచ్చినావు? రోజూ ఆ గొలుసులు మోగించినాకనే కదరా నేను కుడితి పోసేది!"

"ఇప్పుడెట్ల బాబాయ్?"

"ఎట్లేముంది? పోసేదాంక అవి కదలవు. మోసుకరా పో!"

ఏడు గమేళాల్లో కుడితి పోశాను. దిబ్బ మీది నుంచే సారు చివరి మాట రాసి, అట్ట కిందికి విసిరాడు. ఆ రోజు తిన్నగా ఎగిరింది అదొక్కటే.

"బలం: గొలుసు మోగితే చాలు, ప్రేక్షకులు పరుగున వస్తారు. బలహీనత: కుడితి పోస్తే గానీ పోరు."

బాబాయి అన్న మాట ప్రకారం మూడోనాడే చేలో కంది పడింది. ఆ గట్టు మీద, ముందున్న బర్రె సాక్షిగా కుడిచెయ్యెత్తి ప్రమాణం చేశాను: యజమానిని అడగకపోయినా, బర్రెనడగకుండా ఇక దాని గొలుసు ముట్టను! అది నమ్మలేదు. నా సైకిలు చైను గలగలమన్నప్పుడల్లా గొడ్లపాక గేటు దాకా వచ్చి, నా చేతులకేసి చూసేది.